రేడియో టవర్ కింద రాగి తీగల పని: ఈసీఈ డిప్లొమా కుర్రాణ్ణి పంపొచ్చా?

ప్రశ్న: కావలి దగ్గర ఎర్తింగ్ కాంట్రాక్టులు చేస్తుంటాను. అపార్ట్‌మెంట్లకీ, రొయ్యల చెరువుల ట్రాన్స్‌ఫార్మర్లకీ ఎర్త్ పిట్లు వేస్తాం. మావాడికి ఈసీఈ డిప్లొమా అయిపోయింది. ఒక మీడియం వేవ్ రేడియో టవర్ కింద రాగి తీగలు దొంగలు పీక్కుపోయారట. మళ్లీ వెయ్యడానికి నెలన్నర పనుంది, వాణ్ణి పంపమని తెలిసిన కాంట్రాక్టరు అడుగుతున్నాడు. ఎర్తింగే కదా, ఇంట్లో ఉన్న పనే. దీన్ని నమ్ముకోవచ్చా, లేక ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమనాలా?

జవాబు: అయ్యా, "ఎర్తింగే కదా" అన్నారే, చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మీరు వేసే పిట్ ఫాల్ట్ కరెంటుని భూమిలోకి దించడానికి. ఎర్త్ మెగ్గర్ (నేల అడ్డుని కొలిచే మీటరు) పెట్టి ఎన్ని ఓమ్‌లు వచ్చాయో చూస్తారు, తగ్గకపోతే ఇంకో రాడ్డు దించుతారు. రేడియో టవర్ దగ్గర లెక్క వేరు. మీడియం వేవ్‌లో చాలాచోట్ల టవరే యాంటెన్నా. ఆ ఇనుమంతా అడుగున ఒక పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడి ఉంటుంది. టవర్‌లోకి పంపిన కరెంటు చుట్టూ ఉన్న నేల మీదుగా తిరిగి టవర్ మొదటికి చేరాలి. మట్టిలోంచే రావాల్సి వస్తే సగం పవర్ మట్టిని వేడి చెయ్యడానికే పోతుంది. అందుకని దానికి రాగితో దారి వేస్తారు. ఆ దారులే రేడియల్స్. లోతు గుంటకి ఇక్కడ పనిలేదు. పిట్‌లో పోసే ఉప్పూ బొగ్గూ అసలే వద్దు, ఉప్పు సన్నని రాగి తీగని కొన్నేళ్లలో తినేస్తుంది.

సైజు తెలిస్తే పని బరువు తెలుస్తుంది. విజయవాడ ఆకాశవాణి ఫ్రీక్వెన్సీ 837 కిలోహెర్ట్జ్ తీసుకుందాం. తరంగం పొడవు 358 మీటర్లు, అందులో పావు వంతు 89.5 మీటర్లు. పుస్తకం ప్రకారం వేస్తే ఒక్కో రేడియల్ అంత పొడవు, 3 డిగ్రీలకి ఒకటి చొప్పున 120. మొత్తం 10.7 కిలోమీటర్ల తీగ. 10 గేజి, అంటే 3.25 మిల్లీమీటర్ల రాగి అయితే దాదాపు 800 కిలోలు. ఆ వలయం ఆరెకరాల పైన పరుచుకుంటుంది. 120 అన్న అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే ముగ్గురు ఇంజనీర్లు తీగల సంఖ్య 113 దాకా పెంచుతూ, పొడవు మారుస్తూ కొలిచి చూపించారు. తీగలు మరీ తక్కువైతే ఎంత పొడుగు లాగినా లాభం లేదని తేలింది.

పోయిన తీగల వల్ల ఎంత నష్టమో మీవాడు కాగితం మీద చెయ్యగలడు. పావు తరంగం టవర్ రేడియేషన్ రెసిస్టెన్స్, అంటే గాల్లోకి వెళ్లే పవర్‌కి లెక్కగట్టే రెసిస్టెన్స్, సుమారు 36 ఓమ్‌లు. నేల నష్టం 2 ఓమ్‌లే అయితే 95 శాతం పవర్ గాల్లోకి వెళ్తుంది. అదే నష్టం 10 ఓమ్‌లకి పెరిగితే 78 శాతమే. ట్రాన్స్‌మీటర్ మీటర్లు మామూలుగానే కనిపించొచ్చు, ఊళ్లో వాళ్లు మాత్రం "ఈమధ్య రేడియో సరిగ్గా రావట్లేదు" అంటుంటారు. అందుకే ఒక్క గడ్డపార దెబ్బ కూడా వెయ్యకముందు టవర్ మొదట్లో ఇంపీడెన్స్ (ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటుకి ఎదురయ్యే మొత్తం అడ్డు) కొలిచి, పాత రికార్డుతో పోల్చాలి. పని అయ్యాక మళ్లీ కొలవాలి. ఈ రెండు కొలతలూ లేని చోట చేసింది మరమ్మతో కాదో ఎవరూ చెప్పలేరు.

ఇక పాడయ్యేది ఎక్కడ? ఎక్కువగా టవర్ మొదట్లోనే. కాంక్రీటు దిమ్మ చుట్టూ 100 మిల్లీమీటర్ల వెడల్పు రాగి పట్టీ ఉంటుంది, రేడియల్స్ అన్నీ దానికి అతుకుతారు. దొంగ గుంజేదీ అక్కడే, ఎందుకంటే ఒక్కచోట తవ్వితే అన్ని తీగల కొసలూ చేతికి దొరుకుతాయి. కరెంటు చిక్కగా ఉండేదీ అక్కడే. పట్టీ దగ్గర తెగితే 90 మీటర్ల తీగ నేలలో ఉండీ లేనట్టే. చివర పది మీటర్లు ట్రాక్టరు గొర్రుకి తగిలి పోతే అంత బాధ లేదు.

పాత జాయింటు మీద మట్టి చేత్తో తుడిచి చూడమనండి. పైకి పచ్చటి చిలుం కనిపిస్తుంది, దాన్నిబట్టే చెడిందనుకోకూడదు. తీగని వేలితో పైకెత్తితే బూడిదరంగు పొడి రాలి, తీగ ఊడి చేతిలోకి వస్తే అది సీసం టంకం. తడి నేలలో అది నిలవదు. ఇక్కడ వెండి కలిసిన బ్రేజింగే, అంటే టంకం కంటే చాలా ఎక్కువ వేడిలో రాడ్ కరిగించి అతకడమే, చెయ్యాలి. రాగికి రాగి అతకడానికి 15 శాతం వెండి ఉన్న ఫాస్-కాపర్ (ఫాస్ఫరస్ కలిసిన రాగి) రాడ్ చాలు, ఫ్లక్స్ (అతికే ముఖాల్ని శుభ్రం చేసే మందు) అక్కర్లేదు. పట్టీ వెడల్పుది కాబట్టి వేడిని లాగేసుకుంటుంది. చిన్న గ్యాస్ టార్చితో చేస్తే రాడ్ కరిగి పైన ముత్యంలా కూర్చుంటుంది, లోపలికి పారదు. గట్టిగా లాగితే ఊడుతుంది. ఆక్సీ-ఎసిటిలీన్ మంట కావాలి, రెండు ముఖాలూ ఎమెరీతో మెరిసేదాకా రుద్దాలి.

దొంగల భయానికి ఇప్పుడు రాగి పూత ఉక్కు తీగ వాడుతున్నారు. పాత సామాన్ల కొట్లో దానికి ధర రాదు. రేడియోకి అది చాలు, 1 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో 0.066 మిల్లీమీటర్ల మందంలోనే ప్రధానంగా నడుస్తుంది. అయితే ఫాస్-కాపర్ రాడ్ ఉక్కుకి తగిలితే జాయింటు పెళుసెక్కుతుంది. దానికి ఫ్లక్స్‌తో వెండి బ్రేజింగో, ఎక్సోథర్మిక్ వెల్డింగో (అచ్చులో మందుపొడి మండించి ఆ వేడితో అతకడం) కావాలి. కాడ్మియం ఉన్న వెండి రాడ్లు చౌకగా దొరుకుతాయి, వాటి పొగ ఊపిరితిత్తులకి విషం. ప్యాకెట్ మీద చదివి కొనాలి.

తీగ పరవడం చూడ్డానికి సులువే. టవర్ దగ్గర్నుంచి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో 3 డిగ్రీలకొక మేకు కొట్టి, ట్రాక్టరుకి ఒంటి పల్లు బిగించి, దాని వెనక పైపులోంచి తీగ జారేలా చేసి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున దించుకుంటూ పోతారు. బిగదీసి లాగకూడదు, ఎండకి నేల బిగిసినప్పుడు తీగ జాయింటు దగ్గర తెగుతుంది. నేల కూడా చూసుకోవాలి. ఇసకపల్లి ఉప్పు కొటారుల్లాంటి చవిటి నేల రేడియో తరంగాలకి చాలా మంచిది, తీగకి శత్రువు. చీమకుర్తి వైపు రాతి నేలలో తీగకి చిలుం పట్టదు కానీ ఆ నేల కరెంటుని మొయ్యదు, పైగా పల్లు దిగదు.

ఇప్పుడు అసలు సంగతి. తీగ పరిచేవాడిది రోజు కూలి. ఏ రేడియల్ బతికుందో, ఏది చచ్చిందో చెప్పగలిగినవాడిది ఉద్యోగం. తక్కువ పవర్‌లో ట్రాన్స్‌మీటర్ నడిపి, ఒక్కో తీగకీ క్లాంప్ మీటరు లాంటి ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మీటరు తగిలిస్తే, బాగున్న తీగలన్నీ ఇంచుమించు ఒకే కరెంటు చూపిస్తాయి, తెగినది సున్నా దగ్గర ఆగుతుంది. మీవాడు ఆ మీటరు పట్టుకునే మనిషి పక్కన ఉంటాడంటేనే పంపండి. తవ్వకానికి మాత్రమే అయితే డిప్లొమా అక్కర్లేదు.

ఒప్పుకునే ముందు కాంట్రాక్టర్ని మూడు మాటలు అడగండి. సైట్ డ్రాయింగ్ ఉందా? జాయింట్లు బ్రేజింగా, సీసమా? ట్రాన్స్‌మీటర్ ఆపినట్టు రాతపూర్వకంగా ఎవరిస్తారు? మూడోదానికి తడబడితే పంపొద్దు. టవర్ అంతా హై ఓల్టేజి. నేలమీద నిలబడి ముట్టుకుంటే ఆర్‌ఎఫ్ కాలుడు కండ దాకా పోతుంది, పైకి చిన్న మచ్చే కనిపిస్తుంది. ట్రాన్స్‌మీటర్ ఆపి, తాళం వేసి, ఆ తాళంచెవి పనివాళ్ల దగ్గరే ఉంచుకుని, ఎర్త్ హుక్ టవర్‌కి తగిలించాకే మొదట్లోకి వెళ్లాలి. ఉరుములు వినపడితే పని ఆపాలి. గడ్డి పెరిగిన చోట పాములుంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

దీన్నొక్కదాన్నే నమ్ముకోవచ్చా అంటే, వద్దు. మన దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్లు చాలా మూతపడ్డాయి, ఉన్నవాటికి ఈ పని ఎప్పుడో ఒకసారి వస్తుంది. ప్రసార భారతి, బెసిల్ (ప్రసార ఇంజనీరింగ్ పనులు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నోటిఫికేషన్లు చూస్తుండొచ్చు, చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. నేవీ వాళ్ల వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రం తిరునల్వేలి దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ పేరుతో ఉంది. వికారాబాద్ జిల్లా దామగుండంలో ఇంకోదానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట నేల కింది తీగల పని ఇంతకంటే చాలా పెద్దది. కానీ ఇవి వేళ్ల మీద లెక్కపెట్టే సైట్లు. రోజూ అన్నం పెట్టేది సబ్‌స్టేషన్లు, సోలార్ ప్లాంట్లు, కృష్ణపట్నం వైపు పరిశ్రమల్లో ఎర్తింగ్, పిడుగు రక్షణ. అక్కడ మీ అనుభవమూ వాడి కొలతలూ కలిస్తే మీ కాంట్రాక్టు స్థాయే మారుతుంది.

కాబట్టి ఈసెట్ రాయమనండి. నెలన్నర పని దానికి అడ్డం కాదు, పరీక్ష తేదీ మీద పడకుండా చూసుకుంటే చాలు. ఈలోపు ఇంటి దగ్గరే సాధన చెయ్యొచ్చు. హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు పరీక్షకి చదువుతూ, యాంటెన్నా ఇంపీడెన్స్ కొలిచే నానో వీఎన్‌ఏ అనే చిన్న మీటరు ఒకటి కొనుక్కుని, 7.1 మెగాహెర్ట్జ్‌కి 10.5 మీటర్ల తీగ వెదురు గడకి నిలువుగా కట్టి, కింద 4, 8, 16, 32 రేడియల్స్ వేస్తూ ప్రతిసారీ రెసిస్టెన్స్ రాసుకోమనండి. రేడియల్స్ పెరిగేకొద్దీ అంకె 36 వైపు దిగుతూ, ఒక దశలో దిగడం ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో వాడు మీకు చెప్పగలిగితే సైట్‌కి సిద్ధమైనట్టే. ఒక్క జాగ్రత్త, చుట్టుపక్కల బలమైన స్టేషన్ నడుస్తుంటే ఆ చిన్న మీటరు తప్పు అంకెలు చూపిస్తుంది.

సైట్‌లో ఉన్నన్నాళ్లూ పూడ్చకముందు ప్రతి జాయింటునీ రేడియల్ నంబరు కనపడేలా ఫోటో తియ్యాలి, ఆ తీగలో కరెంటెంతో నోటుబుక్కులో పక్కనే రాయాలి. 120 వరసలున్న ఆ పుస్తకం రేపు ఇంటర్వ్యూకి పట్టుకెళ్లాల్సింది, భద్రంగా దాచమనండి.