ముందు తడిబియ్యం డబ్బా

చిరంజీవి నాయనకు,

నెల్లూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు అంత టెన్షన్‌గా మాట్లాడేసరికి నాకు నిద్ర పట్టలేదు. బిల్డ్ పెట్టగానే, అంటే రాసిన కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే పని మొదలుపెట్టగానే, మౌస్ కదలడం లేదని, మీటింగ్‌లో నీ గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతోందని, అప్పు చేసైనా కొత్త లాప్‌టాప్ కొంటానని అన్నావు. ఒక్క వారం ఆగు, నాయనా.

కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో నేను ఇదే తప్పు చేశాను. సర్వర్ మొరాయిస్తోందని ప్రాసెసర్ మార్పించాను. డబ్బు ఖర్చయింది, ప్రాక్టికల్స్ రోజున మళ్లీ అదే కథ. పిల్లలు కీ నొక్కి అక్షరం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. తీరా చూస్తే లోటు ర్యామ్‌లో, అంటే నడుస్తున్న పనులు సామాను పెట్టుకునే చోటులో ఉంది, కొత్త ప్రాసెసర్ పని లేక ఖాళీగా ఉంది. గంట కొట్టాక కూడా లేవలేక కూర్చున్న ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. యంత్రం నిలిచిపోయినప్పుడు ఎవరు దేనికోసం వరుసలో నిలబడ్డారో ముందు చూడాలని అప్పుడు తెలిసింది.

సంక్రాంతి ముందు మన వీధి చివర పిండి మర దగ్గర వరుస గుర్తుందా? హోటల్ వాళ్ల బస్తాలు నాలుగు, ఆ వెనకాల మీ అమ్మ చేతిలో అరిసెలకు తడిబియ్యం డబ్బా. బస్తాలన్నీ అయ్యేదాకా ఆగితే తడి ఆరిపోతుంది, ఆ పిండి అరిసెలకు పనికిరాదు. మర ఆయన ఒక బస్తా కాగానే ఆ డబ్బా అందుకునేవాడు. హోటల్ వాళ్లకు పోయింది రెండు నిమిషాలు, మీ అమ్మకు పండగ నిలిచింది. నీ కంప్యూటర్‌లో షెడ్యూలర్, అంటే ప్రాసెసర్ మీద ఎవరి వంతు ఎప్పుడో తేల్చే భాగం, చేయాల్సిన పని అదే. కోడ్‌ను యంత్రం భాషలోకి మార్చే కంపైలర్‌ది బస్తా. మౌస్ కదలిక, కీ నొక్కుడు తడిబియ్యం డబ్బాలు.

నీ లాప్‌టాప్‌ను నడిపించే లినక్స్‌లో ఈ సంగతి కోసం చాలామంది ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఆస్ట్రేలియాలో మత్తుమందు డాక్టర్‌గా పనిచేసే కాన్ కోలివాస్, తన డెస్క్‌టాప్ చురుగ్గా ఉండాలని సొంతంగా షెడ్యూలర్లు రాశాడు. సమానంగా పంచితే చాలన్న ఆయన ఆలోచన నుంచి స్ఫూర్తి పొంది ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ 2007లో కెర్నెల్‌లోకి, అంటే లినక్స్ గుండెకాయలోకి వచ్చింది. అప్పటివరకు తక్కువ సమయం వాడుకున్నవాడికే ముందు వంతు, అదీ దాని లెక్క. 2023లో 6.6 కెర్నెల్ నుంచి ఆ చోట ఈఈవీడీఎఫ్ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో ప్రతి వంతుకూ ఒక గడువు ఉంటుంది, గడువు ముందున్నవాడు ముందు. వృత్తి వేరైనా ఈ బాధను తన బాధగా తీసుకున్న ఆ డాక్టర్ అంటే నాకు ఎంతో గౌరవం.

మరి ఇంత చేసినా నీ తెర ఎందుకు ఆగుతోంది? తెర సెకనుకు 60 సార్లు మారాలి, అంటే ఒక్కో బొమ్మకు దాదాపు 17 మిల్లీసెకన్లు. ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక్కో భాగం, అంటే ఒక్కో కోర్ మీద అయిదు కంపైలర్లు నిలబడి, తలా మూడు మిల్లీసెకన్లు తీసుకుంటే ఒక చుట్టుకే పదిహేను పోయాయి. పైగా వీడియో మీటింగ్ చిన్న డబ్బా కాదు, అది కూడా బస్తానే. షెడ్యూలర్ దాన్ని ప్రత్యేకంగా చూడదు, మిగతావాళ్లతో సమానంగానే పంచుతుంది.

కానీ నీ విషయంలో నా అనుమానం ముందు ర్యామ్ మీదే. నీది ఎనిమిది కోర్లు, 8 జీబీ. కొన్ని సీ ప్లస్ ప్లస్ ఫైళ్లకు ఒక్కో కంపైలరే జీబీకి పైగా తింటుంది. ఎనిమిది ఒకేసారి లేస్తే చోటు చాలక, వంటగదిలో గిన్నెలు అటక మీదకి ఎక్కించి మళ్లీ దించుకున్నట్టు, ర్యామ్‌లోని ముక్కలు (పేజీలు) డిస్క్‌లోని స్వాప్ అనే చోటుకి పోయి వస్తుంటాయి. అప్పుడు నీ బ్రౌజర్‌కు వంతు వచ్చినా ఉపయోగం లేదు, దాని గిన్నె అటక మీద ఉంది కదా. ఎంత మంచి షెడ్యూలర్ అయినా ఇక్కడ చేతులెత్తేస్తుంది. కాబట్టి బిల్డ్ నడుస్తుండగా రెండో టెర్మినల్‌లో వీఎమ్‌స్టాట్ 1 (vmstat 1) అని కొట్టు. స్వాప్ రాకపోకలు చూపే ఎస్ఐ (si), ఎస్ఓ (so) అనే గడుల్లో అంకెలు ఆగకుండా వస్తుంటే తప్పు ర్యామ్‌ది. అవి సున్నాగా ఉండి, ప్రాసెసర్ కోసం ఎంతమంది ఉన్నారో చూపే మొదటి ఆర్ (r) గడిలో అంకె ఎనిమిదిని బాగా మించితేనే అది ప్రాసెసర్ వరుస.

ఏదైనా సరే, మొదటి మందు ఒకటే. బిల్డ్ నడిపే మేక్‌కు, ఒకేసారి ఎన్ని పనులో చెప్పే జే పక్కన 4 ఇవ్వు (make -j4). అంకె లేకుండా జే మాత్రం ఎప్పుడూ ఇవ్వకు, దానికి హద్దే ఉండదు. మేక్ బదులు నింజా వాడితే అది అడక్కుండానే కోర్ల కంటే రెండు ఎక్కువ పనులు లేపుతుంది, దానికి కూడా అంకె చెప్పు.

తర్వాత నైస్ (nice), అంటే ఒక పనిని వరుసలో వెనక్కి జరిపే ఆదేశం. మామూలు పని సున్నా మీద నడుస్తుంది, 19 పెడితే అన్నిటికన్నా వెనక. సున్నా వాడి బరువు 1024 అయితే 19 వాడిది 15. ఇద్దరూ ఒకే కోర్ కోసం పోటీపడితే రెండోవాడికి దక్కేది నూటికి ఒకటిన్నర వంతు. పోటీ లేనప్పుడు కోర్ మొత్తం వాడిదే, కాబట్టి బిల్డ్ ఆలస్యమైపోతుందని భయపడకు. ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 2011 నుంచి లినక్స్‌లో ఆటోగ్రూప్ అనే ఏర్పాటు ఉంది. ఒక్కో సెషన్‌ను (ఉదాహరణకు ఒక టెర్మినల్‌లో నడిచే పనులన్నీ) ఒక్కో కుటుంబంగా చూసి ముందు కుటుంబాల మధ్య పంచుతుంది. అది నడుస్తున్న చోట నైస్ మాట ఆ కుటుంబం లోపలే చెల్లుతుంది, పక్కింటి బ్రౌజర్‌కు దానితో సంబంధం లేదు. నైస్ పెట్టినా తేడా లేదని నువ్వన్నది అందుకే కావచ్చు. అందుకని బిల్డ్‌ను సిస్టమ్‌డీ రన్ (systemd-run) అనే ఆదేశంతో, యూజర్ (--user), స్కోప్ (--scope) ఆప్షన్లు ఇచ్చి మొదలుపెట్టు. ప్రాసెసర్‌లో దాని వాటా చెప్పే సీపీయూ వెయిట్ (CPUWeight) 20 పెట్టు, మామూలుగా అది 100. ర్యామ్‌కు హద్దు చెప్పే మెమరీ హై (MemoryHigh) 4 జీబీ పెట్టు. అలా చేస్తే నెమ్మదించేది బిల్డ్, నీ తెర కాదు.

మీటింగ్‌కు రియల్ టైమ్ ప్రాధాన్యం, అంటే మామూలు పనులన్నిటికన్నా ముందు వంతు ఇమ్మని ఎవరైనా చెబితే మాత్రం వినకు. అలాంటి పని ఒకటి అదుపు తప్పి తిరగడం మొదలుపెడితే మామూలు పనులకు దాదాపు ఏమీ మిగలదు.

సోమవారం మీటింగ్ ఉందన్నావు. ఆదివారం రాత్రే జే 4తో బిల్డ్ పెట్టి, మీ చెల్లితో వీడియో కాల్ మాట్లాడుతూ చూడు. వీఎమ్‌స్టాట్ తెర ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఎస్ఐ, ఎస్ఓ అప్పుడూ పరుగెత్తుతుంటే లాప్‌టాప్ మార్చొద్దు, ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకో. దాని డబ్బు నేను పంపుతాను.

ప్రేమతో,
పెదనాన్న