చిమ్నీ రీడింగ్ లిమిట్ లోపలే ఉన్నా డాబా మీద బూడిద ఎందుకు పడుతోంది?

థర్మల్ ప్లాంట్ చిమ్నీ ఆన్‌లైన్ రీడింగ్‌లు అన్నీ లిమిట్ లోపలే ఉన్నాయి, అయినా రోజూ పొద్దున డాబా ఊడిస్తే చేటెడు బూడిద వస్తోంది, ఇందులో ఏది నమ్మాలి అని ఒకరు అడిగారు. రెండూ నిజమే కావచ్చు. నేను హనుమకొండలో ఉంటాను కానీ మా అమ్మానాన్నలది థర్మల్ ప్లాంట్ పక్కనున్న పల్లె. చలికాలం వస్తే నాన్నకు ఆయాసం పెరుగుతుంది. ఈ లెక్కలు చదవడం నేర్చుకున్నది ఆయన కోసమే.

ఆ రీడింగ్ చిమ్నీ లోపలిది. ఒక ఘనమీటరు పొగలో ఎన్ని మిల్లీగ్రాముల ధూళి ఉందో చెబుతుంది. 2015 డిసెంబరు నిబంధనల ప్రకారం ధూళి లిమిట్ 2004కు ముందు కట్టిన యూనిట్లకు (ప్లాంట్‌లో విడివిడిగా కరెంటు తీసే భాగాలకు) 100, 2004 నుంచి 2016 దాకా కట్టినవాటికి 50, ఆ తర్వాతివాటికి 30. మనం పీల్చే గాలిని మాత్రం మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నటి ధూళి) రోజు సగటు 60 దాటకూడదు. మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు, కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి. పైగా పెద్ద యూనిట్ల చిమ్నీలు 275 మీటర్ల ఎత్తుంటాయి. అక్కడ వదిలిన పొగ చాలావరకు పక్క ఊరి మీద నుంచి దాటిపోయి దూరాన దిగుతుంది.

మరి మీ డాబా మీద పడేది? మా అమ్మానాన్నల ఇంటి దగ్గర నేను గమనించింది చెబుతాను. నోట్‌బుక్‌లో మూడే రాసేవాణ్ణి: ఆ రోజు యూనిట్ నడిచిందా, గాలి ఎటు నుంచి వచ్చింది, డాబా మీద దుమ్ము ఎంత. ఏ యూనిట్ ఎంత కరెంటు తీసిందో నేషనల్ పవర్ పోర్టల్‌లో రోజువారీగా ఉంటుంది. ఓవర్‌హాల్ కోసం యూనిట్ ఆపేసిన రోజుల్లో కూడా ఎండాకాలం దుమ్ము తగ్గలేదు. యాష్ పాండ్ (ప్లాంట్ బూడిదను నీళ్లతో కలిపి వదిలే చెరువు) వైపు నుంచి గాలి వీచినప్పుడు, బూడిద టిప్పర్లు ఎక్కువ తిరిగినప్పుడు మాత్రం పెరిగింది. చెరువులో నీళ్లు ఎండితే పైపొర గాలికి లేస్తుంది. అది చిమ్నీ మీటరుకు అసలు అందదు. మా ఊళ్లో అందరం కలిసి ఈ నోట్‌బుక్ పట్టుకుని అడిగాకే టిప్పర్లకు టార్పాలిన్ కట్టడం, రోడ్డు తడపడం మొదలైంది.

ఇంకో సంగతి, ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కంటికి కనిపించే బూడిద ముతక రకం. ఊపిరితిత్తుల లోతుకు దిగేది కనిపించదు. బొగ్గులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికి వెళ్లి, గాలిలో సన్నటి సల్ఫేట్ ధూళిగా మారి, వందల కిలోమీటర్లు పోగలదు. లెక్క వేసి చూడండి. 600 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తిగా నడిస్తే 1.44 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక్కో యూనిట్ కరెంటుకు సుమారు 0.65 కిలోల చొప్పున 9 వేల టన్నులకు పైగా బొగ్గు కాలుతుంది. అందులో గంధకం అర శాతం ఉందనుకున్నా 45 టన్నుల పైమాటే. ఆక్సిజన్‌తో కలిశాక బరువు రెట్టింపై, రోజుకు దాదాపు 90 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. 2025 జూలైలో కేంద్రం చాలా ప్లాంట్లను సల్ఫర్ డయాక్సైడ్ లిమిట్ నుంచి మినహాయించింది. అది తప్పు నిర్ణయమని నా అభిప్రాయం. మీ ప్లాంట్ మినహాయింపు పొందిన కేటగిరీలో ఉందో లేదో చూడకుండా ‘లిమిట్ లోపల’ అన్న మాటకు అర్థం లేదు.

చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. చెల్పూరు థర్మల్ ప్లాంట్ హనుమకొండకు ఈశాన్యాన ఉంది, రామగుండం ప్లాంట్ దాదాపు నేరుగా ఉత్తరాన. తెల్లవారుజామున చల్లగాలి నేలను పట్టుకుని ఉండటంతో కింద పుట్టిన పొగ, చెత్త మంట, వాహనాల పొగ అన్నీ పైకి పోలేక అక్కడే నిలుస్తాయి. అందుకే ఒక్క చెడ్డ ఉదయాన్ని చూసి నేరం ప్లాంట్ మీదో, ఇంకొకరి మీదో వేయలేం. గాలి దిశ, ఉత్పత్తి, దగ్గర్లోని గాలి నాణ్యత కేంద్రం రీడింగ్ మూడూ కొన్ని వారాలు కలిపి చూడాలి.

డేటాలో ఒకే అంకె గంటల తరబడి కదలకుండా ఉంటే, లేదా ఆగిపోయిన యూనిట్ నడుస్తున్నట్టే రీడింగ్ ఇస్తుంటే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. అమెరికాలో పెద్ద యూనిట్ల పొగ గంటగంట లెక్క 1990ల నుంచీ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మనకూ అలా ఉండాలి. అది వచ్చేదాకా పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్లాంట్ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఇవ్వాల్సిన, అనుమతి షరతులు పాటించారో లేదో చెప్పే నివేదికలు అడగండి, అవి అందరూ చూడదగ్గ పత్రాలే. వాటిలో యాష్ పాండ్ చుట్టూ గాలి కొలతలు ఉన్నాయేమో ముందు వెతకండి. లేకపోతే కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద రాయండి. మీ ఊరు ప్లాంట్‌కు, యాష్ పాండ్‌కు ఏ దిక్కున ఉందో కింద చెబితే, ఏ నెలల డేటా ముందు చూడాలో చెప్పగలను.