అమ్మాయి మాట అక్కదాకా ఎందుకు వెళ్ళింది?

గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి జవాబు ఇది. వారి పెద్దమ్మాయికి 17 ఏళ్ళు. ఇంటి నుంచే కాలేజీకి వెళ్తూ ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది, నీట్‌కి కూడా తయారవుతోంది. దసరా సెలవుల్లో ఒక రాత్రి తల్లి పక్కన పడుకుని, వీక్లీ టెస్టు అంటేనే గుండె దడ వస్తోందనీ, పేపర్ అందుకోగానే చేతులు వణుకుతున్నాయనీ, పరీక్ష మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళి ఏడ్చి వస్తున్నాననీ చెప్పింది. "ఎవరికీ చెప్పొద్దమ్మా" అంది. మర్నాడు పొద్దున్నే ఈవిడ హైదరాబాద్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పారు. సాయంత్రానికి పెద్దమ్మ ఫోన్ చేసి పిల్లకు ధైర్యం చెప్పింది. సంక్రాంతికి అందరూ ఊళ్ళో కలిస్తే మేనమామ మొదలుకొని వరసకు అన్నయ్యలయ్యే పిల్లల దాకా "ఏంటమ్మా, టెన్షన్ పడుతున్నావట" అని పలకరించారు. అప్పటి నుంచి ఆ అమ్మాయి ఫోన్ లాక్ మార్చేసింది, గది తలుపు వేసుకుంటోంది, ఏం అడిగినా "బాగానే ఉన్నా" తప్ప ఇంకో మాట లేదు. రాత్రి పదకొండు దాటాక ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోందట. పిల్ల ఫోన్‌లో ఏముందో పిల్లకు తెలియకుండా చూసే యాప్ ఏదైనా ఉంటే చెప్పమనీ, ఇది ప్రేమ వ్యవహారమేనా అనీ తల్లి అడుగుతున్నారు.

అమ్మా, అలాంటి యాపులు ఉన్నాయి. నేను చెప్పను. మీరు వెతికి పెట్టుకున్నా, సంగతి బయటపడిన రోజు మీ అమ్మాయి ఇంకో దారి చూసుకుంటుంది, అంతే. రాత్రి మాట్లాడేది క్లాస్‌మేట్ కావచ్చు, అబ్బాయే కావచ్చు. ఎవరైనా, తను చెప్పిన మాటను ఇంకొకరికి చేరవేయని మనిషి ఒకరు దొరికారు. దసరా నాటికి ఆ మనిషి మీరే. ఆ చోటు మీరే ఖాళీ చేశారు.

మీ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. మీ అమ్మాయి గుండెదడ సంగతి మూడో పేజీలో ఉంది. మొదటి రెండు పేజీలూ మీ అక్కగారి గురించే. వాళ్ళ అబ్బాయికి వచ్చిన ర్యాంకు, వరంగల్ ఎన్ఐటీలో సీటు, మీ పెళ్ళికి అక్క పడ్డ కష్టం, అమ్మ పోయాక ఆవిడే అమ్మలా చూసుకోవడం. "అక్కకు చెప్పకుండా నేను ఏ పనీ చేయను" అని గర్వంగా రాశారు. నాకు కనిపిస్తున్న చిక్కు అక్కడే ఉంది. మీ అమ్మాయికీ మీకూ మధ్య వచ్చిన మౌనానికి మూలం మీకూ మీ అక్కకూ మధ్య ఉన్న ఈ అలవాటు.

అక్కాచెల్లెళ్ళ ప్రేమను నేను తప్పుపట్టను. తల్లి లేని ఇంట్లో అక్క ఎంత కొండంత అండో నాకు తెలుసు. మీ ఆరోగ్యం, మీ డబ్బు ఇబ్బంది, మీ అత్తగారితో మీ గొడవ అన్నీ ఆవిడకు చెప్పుకోండి, అవి మీవి. పిల్ల చెప్పింది పిల్లది. దాచమని చేతికిచ్చిన నగను ఎంత దగ్గరివాళ్ళకైనా చూపించి రావడానికి మనకు హక్కు ఉండదు కదా.

ఒక్క సంగతి ఆలోచించండి. మీ అక్కగారి అబ్బాయి ఎన్ఐటీలో మొదటి ఏడాది ఎలా గడిపాడు? సబ్జెక్టులు ఏమైనా తప్పాడా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడా, ఎవరితోనైనా మాట పడ్డాడా? ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీకు తెలిస్తే రాసేవారు. అక్కడి నుంచి మీకు ర్యాంకులు వస్తున్నాయి, మీ నుంచి అక్కడికి కన్నీళ్ళు వెళ్తున్నాయి. మీ అక్క చెడ్డవారని నేను అనడం లేదు, ఆవిడ తన కొడుకు గుట్టు తన దగ్గర ఉంచుకున్నారు, అది తల్లి చేయాల్సిన పనే. మీరు కూడా అదే చేయాల్సింది. చెల్లెలిగా చిన్నప్పటి నుంచీ అన్నిటికీ అక్కకు జవాబు చెప్పుకోవడం అలవాటై, తల్లి అయ్యాక కూడా ఆ చెల్లెలి చోటులోనే ఉండిపోయారు. మీకూ ఒక ఇల్లుంది, ఆ ఇంటికి మీరు పెద్ద. ఆ గౌరవం ముందు మీకు మీరు ఇచ్చుకోవాలి.

ఉత్తరం చివర ఇంకో భయం రాశారు. ఈ టెన్షన్ సంగతి బయటికి పొక్కితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అవుతుందేమోనని. పొక్కింది మీ నోటి నుంచే. అయినా ఆ భయంతో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం మానకండి, అది పెద్ద తప్పు. గుండెదడకు రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, ముందు ఆ పరీక్షలు చేయించండి. తర్వాత మానసిక వైద్యులను కలవండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే ఆ విభాగం ఉంది. వెంటనే వెళ్ళలేకపోతే మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. రోగి సంగతి గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. పిల్ల మైనర్ కాబట్టి చికిత్సకు కావలసిన విషయాలు మీతోనూ మాట్లాడతారు. పెద్దమ్మతో మాట్లాడరు. అమ్మాయి డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడతానంటే మీరు బయట కూర్చోండి. బయటికి రాగానే "ఏమడిగారు, ఏం చెప్పావు" అని ఆరా తీయకండి.

ఒకవేళ పిల్ల చచ్చిపోవాలనుంది అన్నా, తనను తాను గాయపరుచుకుంటున్నట్టు అనుమానం వచ్చినా, ఎవరికీ చెప్పొద్దన్న మాట అక్కడ చెల్లదు. వెంటనే మీ వారికి, డాక్టర్‌కి చెప్పండి, ఒంటరిగా వదలకండి. అప్పుడు కూడా ముందు ఆమెకే చెప్పండి, "ఈ విషయం నాన్నకూ డాక్టర్‌కూ చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పను" అని. ఆ ప్రశ్న సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

మీ వారి గురించి రెండు వాక్యాలే రాశారు. కానీ అందులో ఒకటి నన్ను కలవరపెట్టింది. కాలేజీ నుంచి టెస్టు మార్కుల మెసేజ్ రాగానే ఆయన దాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతారట. మంచి మార్కులు వస్తే అభినందనలు, తగ్గితే సలహాలు. మార్కులు, గ్రేడ్లు, జవాబు పత్రాలు మనిషి వ్యక్తిగత సమాచారమని సుప్రీంకోర్టు 2019లో ఒక సమాచార హక్కు కేసు తీర్పులో చెప్పింది. 2025 జులైలో, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో, కోచింగ్ సంస్థలు మార్కులను బట్టి పిల్లలను విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని గట్టిగా ఆదేశించింది. కాలేజీకి తగదని కోర్టు చెప్పిన పనే ఇంట్లో కన్నతండ్రి ప్రేమతో చేస్తున్నారు. ఆయనకు మీరే చెప్పండి. ఈ వారం నుంచే ఆపమనండి. గ్రూపులో ఎవరైనా అడిగితే "చదువుకుంటోంది" అని ఒక్క మాట రాస్తే చాలు.

ఇక అమ్మాయితో. ఆమె గదిలోకి వెళ్ళి, ఫోన్ ఊసు ఎత్తకుండా, "నువ్వు వద్దన్న మాట పెద్దమ్మకు చెప్పాను. తప్పు చేశాను" అనండి. "నీ మంచికే" అని తోక తగిలించకండి. పెద్దమ్మ ఎంత మంచిదో వివరించకండి. ఆమె కోపంగా ఏదైనా అంటే వినండి. ఏమీ అనకపోతే లేచి వచ్చేయండి. రెండు రోజుల్లో మీతో మళ్ళీ మాట్లాడేస్తుందని ఆశపడవద్దు, నెలలు పట్టవచ్చు. రాత్రి ఫోన్ గురించి ఒక నియమం పెట్టాలంటే ఇంటిల్లిపాదికీ పెట్టండి. పదిన్నరకు అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి, మీది, మీ వారిది కూడా. ఎవరి ఫోన్ ఎవరూ తెరవకూడదు. నిద్ర కోసం అడిగే హక్కు తల్లిగా మీకుంది, దాన్ని వదులుకోమని అనను. అబ్బాయి సంగతే నిజమైతే, అది ఆమె నోటితోనే వినే రోజు కోసం ఆగండి.

అక్కగారికి కూడా ఫోన్ చేయాలి. ఇదే అన్నిటికన్నా కష్టమని నాకు తెలుసు. "అక్కా, అమ్మాయి నన్ను నమ్మి చెప్పింది, నేను నీకు చెప్పాను, తను బాధపడింది. ఇక దాని విషయాలు నన్ను అడగొద్దు, నేనూ చెప్పను" అని నెమ్మదిగా, ఏడవకుండా చెప్పండి. ఆవిడ నొచ్చుకుంటారు. "నేను పరాయిదాన్నయ్యానా" అంటారు. ఆ మాటకు కరిగిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్ళిన సంగతి చెప్పేయకండి. ముప్పై ఏళ్ళ అనుబంధం ఒక ఫోన్‌తో తెగదు. తెగేంత పలచనిదైతే, దాని కోసం కూతుర్ని పోగొట్టుకోనక్కర్లేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. తర్వాత ఫలితాల రోజు వస్తుంది. ఇప్పుడు ఇంటర్ ఫలితం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర'లోనే చూసుకోవచ్చు కాబట్టి, మనకంటే ముందే చూసేయాలని చుట్టాలందరూ "హాల్ టికెట్ నంబర్ పంపు" అని మొదలుపెడతారు. మీరు గానీ, మీ వారు గానీ ఆ నంబరు ఎవరికీ ఇవ్వకండి, అక్కగారికి కూడా. నీట్ అప్లికేషన్ నంబరూ అంతే. ఫలితం ముందు తనే చూసుకుంటుందని, ఎవరికి చెప్పాలో ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకుంటుందని ఇప్పుడే అమ్మాయికి చెప్పి ఉంచండి.