డీఎన్‌ఏ రిపోర్ట్ చూపిస్తే ఆఫీసులో నోళ్ళు మూతపడతాయా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాదాపూర్‌లో ఉద్యోగం, మనిషి నలుపు, జుట్టు ఉంగరాలు, టీమ్‌లో అందరూ ‘ఆఫ్రికా’ అని పిలుస్తున్నారు. వంశమూలాలు చెప్పే డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుని, ‘నేను నూటికి నూరు పాళ్ళూ ఇక్కడివాణ్ణే’ అని కాగితం చూపిస్తే ఊరుకుంటారా అని.

ఊరుకోరండీ. సరదాకి చేయించుకుంటానంటే మీ ఇష్టం. వాళ్ళ నోరు మూయించడానికైతే డబ్బు దండగ. నేను ఆ టెస్ట్ చేయించుకున్నవాణ్ణే, ఆ పేరుతో పిలిపించుకున్నవాణ్ణే. పైగా నా విషయంలో ఆ మాట అబద్ధం కూడా కాదు.

మా దాదా, అంటే నాన్న నాన్న వాళ్ళది హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం ఉన్న బస్తీ అది. ఆ దళం మొదట వనపర్తి సంస్థానంలో ఉండేదనీ, అక్కణ్ణుంచే నిజాం దగ్గరికి చేరిందనీ పెద్దవాళ్ళు చెబుతారు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత గుర్రాలూ పోయాయి, జీతాలూ పోయాయి. మా మర్ఫా వాయిద్యం మిగిలింది. హైదరాబాద్ బారాత్‌లో మర్ఫా మొదలైతే పెళ్ళికొడుకు తాత కూడా చిందేస్తాడు, వాయిస్తున్నవాళ్ళు ఎవరని మాత్రం అడగడు. మా అమ్మది వనపర్తి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, నాన్న వైపువాళ్ళ దగ్గర ఉర్దూ.

టెస్ట్ సంగతి. చికాగోలో ఉండే మా మేనబావ సెలవులకు వస్తూ మూడు కిట్లు తెచ్చాడు, నాన్నకు, నాకు, చెల్లికి. ట్యూబులో గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కలోకి రాదు. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. చాయ్ లేకుండా అరగంటంటే నాన్నకు శిక్షే, గడియారం వంకే చూస్తూ కూర్చున్నాడు. చెల్లికేమో నోరెండిపోయి ఉమ్మి రాదు. అమ్మ ఆవకాయ జాడీ తెచ్చి, మూత తీసి దాని ముక్కు దగ్గర పెట్టింది. రెండు నిమిషాల్లో గీత దాటింది.

నాన్నకు మూడో వంతు పైన ఆఫ్రికా అని వచ్చింది, నాకు అయిదో వంతు దగ్గర, చెల్లికి ఏడో వంతు కూడా లేదు. చెల్లి జుట్టు నాకన్నా ఉంగరాలు, తెలుసా! తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ సగమే వస్తుంది, ఆ సగంలో ఏ ముక్కలు పడతాయన్నది చీట్లు తీసినట్టే. అందుకే ఒక కడుపున పుట్టినవాళ్ళకే లెక్కలు కలవవు. ఆ మధ్య కంపెనీవాళ్ళు లెక్కగట్టే పద్ధతి మార్చితే నాలో ‘కాంగో’ కాస్త తగ్గి ‘మొజాంబిక్’ పెరిగింది. దాదా బతికుంటే పడీ పడీ నవ్వేవాడు.

ఈ శాతాలు ఎలా వస్తాయో తెలిస్తే వాటి మీద అంత మోజుండదు. మన జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడా ఉండే కొన్ని లక్షల చోట్లు చూసి, తమ దగ్గరున్న నమూనాలతో పోల్చి, ఎవరికి దగ్గరగా ఉన్నామో అంచనా వేస్తారు. అంటే ఆ కంపెనీ దగ్గర ఎవరి నమూనాలున్నాయన్న దాని మీద మన ‘మూలం’ ఆధారపడుతుంది. రకరకాల జనాల జన్యువులను చదివిన, వెయ్యి జీనోముల ప్రాజెక్టని పేరున్న అంతర్జాతీయ కార్యక్రమం ఒకటుంది. అందులో తెలుగువాళ్ళ తరఫున ఉన్నవి 102 నమూనాలు, అవి కూడా బ్రిటన్‌లో స్థిరపడ్డవాళ్ళవి. కొత్తగూడెం కోయవాళ్ళ సంగతి, పాలమూరు పల్లెల సంగతి దాన్నిబట్టి ఎంత తెలుస్తుందో మీరే చెప్పండి.

ఇక ఆ ‘నూటికి నూరు పాళ్ళూ ఇక్కడివాణ్ణే’ అన్న మాట. మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్ళూ అమెరికా హార్వర్డ్‌వాళ్ళూ కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. లాల్జీ సింగ్, తంగరాజ్, డేవిడ్ రైక్ లాంటివాళ్ళు చేసిన పని. మాల, మాదిగ, వైశ్య, వెలమ, చెంచు నమూనాలన్నీ అందులో ఉన్నాయి. అందరిలోనూ రెండు పాత మూలాల కలగలుపే, పాళ్ళలోనే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య జరిగిందనీ, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడంతో ఆగిపోయిందనీ 2013లో ఇంకో పేపర్ తేల్చింది. అచ్చంగా ఒకే మూలం అని చెప్పుకోగలిగినవాడు మీ ఫ్లోర్‌లో ఒక్కడూ దొరకడు. సిద్దీల మీద కూడా 2011లో సీసీఎంబీ పరిశోధన వచ్చింది, బంటూ భాషలు మాట్లాడే ఆఫ్రికా జనంతో వాళ్ళకున్న చుట్టరికాన్ని చూపించింది. నాకైతే చికాగో కిట్ కన్నా అదే ఎక్కువ నచ్చింది.

నలుపుకీ ఆఫ్రికాకీ ముడిపెట్టడం కూడా తెలివితక్కువ పనే. ఒంటి రంగును నిర్ణయించే జన్యువులు చాలా ఉన్నాయి. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అని ఒక జన్యువుంది, దాని ఒక రకం ఉంటే ఛాయ తెలుపు వైపు మొగ్గుతుంది. యూరప్ వాళ్ళలోనూ మనవాళ్ళలోనూ ఉన్న ఆ రకం ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో సీసీఎంబీవాళ్ళు పాల్గొన్న పరిశోధనే చెప్పింది. అది మనలో కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు.

నా పాత టీమ్‌లో ఖమ్మం కుర్రాడొకడు ఉండేవాడు. నాకన్నా రెండు ఛాయలు నలుపు. ఇంటిపేరు చెబితే ఆ జిల్లాలో సగంమంది చుట్టాలే, ఏడు తరాల లెక్క అప్పజెప్పగలడు. వాణ్ణి ‘నీగ్రో’ అనేవాళ్ళు, నన్ను ‘వెస్టిండీస్’ అనేవాళ్ళు. ఆఫ్రికా మూలం ఉన్నది నాకు, పెద్ద తిట్టు పడింది వాడికి. ఒకసారి క్యాంటీన్‌లో మాటల్లో నా రిపోర్ట్ సంగతి చెప్పాను. మా లీడ్ పళ్ళెం లోంచి తలెత్తి, ‘చూశారా, మేం ఊరికే అనలేదు!’ అన్నాడు. టేబులంతా నవ్వు. ఖమ్మం కుర్రాడు మాత్రం తినడం ఆపాడు. ఒకవేళ సున్నా శాతం వచ్చి ఉంటే? ‘మరి ఇంత నలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా’ అనేవాడు. రిపోర్ట్‌లో ఏముందన్నది వాళ్ళకు అక్కర్లేదు.

మీరు బాగా ఆలోచించాల్సింది ఇక్కడ. ‘నేను ఆఫ్రికావాణ్ణి కాదు’ అని రుజువు చూపించారంటే, నిజంగా ఆ మూలం ఉన్న నాలాంటివాణ్ణి అలా పిలవొచ్చని మీరే ఒప్పుకున్నట్టు. టోలిచౌకిలో ఇల్లు అద్దెకివ్వమంటే తలుపేసుకునే ఓనర్ల ముందు నిలబడ్డ సూడాన్ విద్యార్థినీ, ‘నేపాలీ’ అని పిలిపించుకునే మణిపూర్ అమ్మాయినీ అనొచ్చని కూడా. మన ఆఫీసుల్లో ‘మీరేమిట్లండీ’ అని కులం కూపీ లాగేవాడే రంగు మీద జోకులేస్తాడు, నేను చూసినంతలో.

పేరు పెట్టి పిలవడం ఒక్కటే అయితే నేనూ పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదేమో. అమెరికా క్లయింట్‌తో కాల్ ఉన్నప్పుడల్లా ‘నెట్ స్లోగా ఉంది, నువ్వు కెమెరా ఆపేయ్’ అని నాకొక్కడికే మెసేజ్ వచ్చేది. మిగతా ఎనిమిది మొహాలకూ నెట్ సరిపోయేది. స్లైడ్లు నేను చేసేవాణ్ణి, క్లయింట్ ముందు చెప్పేది ఇంకొకరు. అప్రైజల్‌లో ‘క్లయింట్‌తో పరిచయం తక్కువ’ అని రాసి రేటింగ్ తగ్గించారు. అక్కడ నాకు కాలింది.

మీరు చేయాల్సిన పని అక్కడే ఉంది. ప్రైవేటు ఆఫీసులో రంగు, జాతి పేరుతో చేసే వివక్షను సూటిగా పట్టుకునే ప్రత్యేక చట్టం మనకు లేదు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియాను కొట్టి చంపాక కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. జాతి పేరుతో అవమానించడాన్ని నేరం చేస్తూ సెక్షన్లు చేర్చమని కమిటీ చెప్పింది, అవి చట్టంలోకి రాలేదు. మీరు ఎస్సీ, ఎస్టీ అయి, కులం పేరుతో నలుగురి ఎదుట తిట్టి ఉంటే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. ఆడవాళ్ళ విషయంలో ఒంటి మీద మాటలు లైంగికంగా మారితే, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీకి వెళ్ళొచ్చు. మిగతావాళ్ళకు దిక్కు కంపెనీ సొంత నియమావళే.

అది చిన్న దిక్కేమీ కాదు. మీది అమెరికా కంపెనీ అయితే కోడ్ ఆఫ్ కాండక్ట్ తీసి చదవండి. అక్కడి 1964 పౌరహక్కుల చట్టం జాతినీ రంగునూ విడివిడిగా పేర్కొంటుంది, అందుకని చాలా కంపెనీలు తమ నియమాల్లో ఆ రెండు మాటలూ పెడతాయి. ఆ చట్టం మాదాపూర్ దాకా రాదు గానీ, కంపెనీ తన నియమాలను ప్రపంచమంతటా వర్తింపజేస్తానని రాసుకుని ఉంటే దానికి కట్టుబడాల్సిందే. ఎథిక్స్ హెల్ప్‌లైన్ ఉంటే లోకల్ హెచ్‌ఆర్‌తో పాటు అక్కడికీ పంపండి. ‘జోకులేస్తున్నారు’ అని రాయకండి. ఏ తేదీన, ఏ కాల్‌లో, ఎవరి ఎదుట ఏమన్నారు, దానివల్ల ఏ పని మీ చేతిలోంచి పోయింది, అదీ రాయాల్సింది. గ్రూప్ చాట్ స్క్రీన్‌షాట్లు ఈ రోజే తీసి పెట్టుకోండి, ఫిర్యాదు వెళ్ళగానే అవి మాయమవుతాయి. నా దగ్గర ఆ కెమెరా మెసేజ్‌లు ఉండబట్టే రేటింగ్‌ను మళ్ళీ చూశారు.

టెస్ట్ మీద ఇంకా మనసుంటే ఒక్క సంగతి. 2023లో ఇలాంటి టెస్టులు చేసే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. మీ ఉమ్మితో మీ అన్నదమ్ముల గుట్టు కూడా వెళ్తుంది, వాళ్ళనీ ఒక మాట అడగండి.

ఫిర్యాదు పెట్టాక హెచ్‌ఆర్ మిమ్మల్ని పిలిచి, ‘ఫ్రెండ్లీగా అన్నారు, లైట్ తీసుకోండి’ అంటారు. నాతోనూ అన్నారు. ‘సరే మేడమ్, ఇప్పుడు మీరన్నదే మెయిల్‌లో రాసి పంపండి’ అన్నాను. ఆ మెయిల్ రాలేదు, మర్నాడు పొద్దున లీడ్‌ను కూర్చోబెట్టి మీటింగ్ పెట్టారు.