ఘాజీ మునక: చరిత్ర ఎంత, సినిమా ఎంత?

2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాలో చూపినట్టు భారత జలాంతర్గామి ఒకటి పాకిస్తాన్ జలాంతర్గామితో సముద్రం అడుగున పోరాడి దాన్ని ముంచిందా అన్నది ప్రశ్న. ఆ పోరాటం కల్పన. ఘాజీ అనే ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మునగడం మాత్రం నిజం.

1971 భారత్-పాక్ యుద్ధంలో, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి, విశాఖపట్నం రేవుకు దగ్గరలోనే అది మునిగి, లోపలున్న 90 మందికి పైగా నావికులు ప్రాణాలు కోల్పోయారు. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ అది వచ్చింది. అయితే మన నౌకాదళం విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు తరలించి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా రాజ్‌పుత్ అనే పాత నౌక నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించింది. నా దృష్టిలో సినిమాలోని పోరాటం కంటే ఈ ఎత్తుగడే ఆసక్తికరమైనది.

రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ ఛార్జీల వల్లే, అంటే నీటిలో కొంత లోతుకు వెళ్లాక పేలే బాంబుల వల్లే, ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. ఘాజీ తానే సముద్రంలో అమర్చుతున్న మైన్లు, అంటే ఓడలను దెబ్బతీయడానికి నీటిలో పెట్టే బాంబులు, పేలడం వల్ల జరిగిన ప్రమాదమని పాకిస్తాన్ వాదన. గెలిచిన దేశానికి విజయగాథ కావాలి, ఓడిన దేశానికి శత్రువు చేతిలో ఓడలేదన్న ఊరట కావాలి. రెండు కథనాలూ ఇన్నేళ్లు నిలవడానికి ఈ రాజకీయ అవసరం కూడా ఒక కారణమని నేను భావిస్తాను. సినిమా ఈ రెండింటినీ కాదని మూడో దారి పట్టింది.

జలాంతర్గామిలో నావికుల జీవితం ఎలా ఉండేదో విశాఖ ఆర్‌కే బీచ్‌లో చూడవచ్చు. అక్కడ మ్యూజియంగా నిలిపిన కురుసుర అనే భారత జలాంతర్గామిలోకి వెళ్తే, గుండ్రటి ద్వారాల గుండా వంగి నడవాలి. నీటిలో దూసుకెళ్లి ఓడలను పేల్చే టార్పెడోల పక్కనే నావికుల ఇరుకు పడకలు కనిపిస్తాయి.