కొనేవాళ్లు ఆఖరి నిమిషంలో వద్దంటే ముందు సంతకం తీసుకో

అమ్మాయీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను, తీరిగ్గా రాద్దామని ఆగాను. మియాపూర్ ఫ్లాటు 72 లక్షలకి మాట్లాడుకుని, 5 లక్షలు అడ్వాన్సు తీసుకుని, రిజిస్ట్రేషన్ ఇంకో పది రోజులుందనగా, కొనే అబ్బాయి తండ్రి ఆ పెద్దాయన ఫోన్ చేసి "డాలస్‌లో మా అబ్బాయి వీసా సంగతి తేలడం లేదమ్మా, మేం ఇక ముందుకెళ్లలేం" అన్నాడంటే నీకు ఒళ్లు మండదా మరి. అవతల మీరు కొనే ఇంటికి మీరూ బయానా, అంటే బేరం ఖాయం చేసే సొమ్ము, కట్టేసి ఉన్నారు. అయినా సరే, అల్లుడుగారు అన్నట్టు "అయిదు లక్షలూ మనవే, ఏం చేసుకుంటారో చేసుకోనీ" అనే దారిలో మాత్రం వెళ్లొద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని ఇన్నేళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, ఇలా మధ్యలో చెడిన బేరాలు చాలానే చూశాను. వాటిలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల కంటే ఆస్తి ఇంకొకరికి అమ్ముకోలేక ఇరుక్కుపోయినవాళ్లే ఎక్కువ. డబ్బు సంగతి తర్వాత, వాళ్ల దగ్గర ముందు తీసుకోవాల్సింది సంతకం. అగ్రిమెంటు రద్దయింది, ఈ ఫ్లాటు మీద మాకు ఏ హక్కూ లేదు అని.

గడువు దాటితే అగ్రిమెంటు దానంతటదే రద్దయిపోతుందని అందరూ అనుకుంటారు. కాదు. ఇళ్లూ స్థలాల బేరాల్లో గడువు తేదీ అంత కచ్చితమైన షరతు కాదని కోర్టులు అనుకుంటాయి, అగ్రిమెంటులో గట్టిగా రాసుకుంటే తప్ప. గడువు తేదీ నుంచి మూడేళ్ల లోపు ఎప్పుడైనా వాళ్లు కోర్టుకెళ్లి "మేం డబ్బుతో రెడీగా ఉన్నాం, ఆవిడే రిజిస్ట్రేషన్ చేయలేదు" అని దావా వెయ్యొచ్చు. గెలుస్తారా లేదా అన్నది తర్వాత మాట. కేసు నడుస్తుండగా నువ్వు ఇంకొకరికి అమ్మితే ఆ కొన్నవాళ్లు కూడా తీర్పుకి కట్టుబడాల్సిందే, అందుకని కేసు ఉందని తెలిస్తే కొత్త పార్టీ బ్యాంకు లాయరు ఫైలు పక్కన పెట్టేస్తాడు. రేట్లు పెరిగితే ఇలా దావా వేసేవాళ్లు ఉంటారు, ఈ రోజు వద్దన్నవాళ్లే రేపు కావాలంటారు.

సరే, మొదట చేయాల్సిన పని. పెద్దాయన ఫోన్లో చెప్పిన మాటకి ఆధారం లేదు కాబట్టి ఈ రోజే మర్యాదగా ఒక వాట్సాప్ పెట్టు. "నమస్కారం అండీ, మీరు నిన్న ఫోన్లో రిజిస్ట్రేషన్ చేయించుకోలేమని చెప్పారు. ఏం చేద్దామో మాట్లాడుకోవడానికి ఆదివారం మీ ఇంటికి వస్తాం" అని, అంతే. ఆయన "సరేనమ్మా, రండి" అన్నాడంటే వెనక్కి తగ్గింది వాళ్లే అనడానికి చేతిలో ఒక ముక్క ఉన్నట్టే. పొరపాటున కూడా "పర్లేదులెండి అంకుల్, డబ్బు ఇచ్చేస్తాం" అని రాయకు. నీ మొహమాటం నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. ఆ ఒక్క ముక్క చూపించి మొత్తం అడ్వాన్సు తిరిగి అడుగుతారు.

ఆదివారం వెళ్లినప్పుడు అసలు కారణం ఏంటో తెలుసుకో, అల్లుడుగారిని కాసేపు మాట్లాడనివ్వకు. నిజంగానే వీసా భయం కావచ్చు, పాపం ఇప్పుడు చాలామందికి ఉంది. లేదా ఇంకెక్కడో తక్కువకి దొరికి ఉండొచ్చు. లేదా ఇదంతా రేటు తగ్గించుకునే ఎత్తు కావచ్చు, "ఓ నాలుగు లక్షలు తగ్గిస్తే మావాడికి చెప్పి చూస్తా" అనే మాట వచ్చిందా, విషయం అర్థమైపోతుంది. అప్పుడు కూడా కోపం తెచ్చుకోకుండా, తగ్గించడం నీకు ఇష్టమైతే "బ్యాలెన్సు మొత్తం ఫలానా తేదీకి ఇస్తేనే ఆ రేటు" అని కాగితం మీద రాయించుకుని తగ్గించు, ఊరికే నోటి మాట మీద తగ్గించావంటే వారం తర్వాత ఇంకో రెండు అడుగుతారు.

నాలుగో కారణం ఒకటుంది, అది మన వైపు లోపం. వాళ్ల బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లలో (పాత ఓనర్ల దస్తావేజుల్లో) ఏదో తక్కువైందన్నాడా, కట్టడం పూర్తయ్యాక మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేదన్నాడా, లేకపోతే చెరువు బఫర్ జోన్ (చుట్టూ కట్టకూడని మేర) మాట ఎత్తాడా? 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చిన దగ్గర్నుంచి చెరువు దరిదాపుల్లో ఫ్లాటంటేనే కొనేవాళ్లు పది సార్లు ఆలోచిస్తున్నారు. అలాంటి లోపం నిజంగా ఉంటే అడ్వాన్సు ఆపుకోవడం కోర్టులో నిలబడదు, మర్యాదగా తిరిగి ఇచ్చేయడమే. అందుకే బ్యాంకు వాళ్ల ఉత్తరం ఏదైనా ఉంటే చూపించమని అడుగు.

ఇక అడ్వాన్సు ఎంత ఆపుకోవచ్చు అన్నది. మీ అగ్రిమెంటు తీసి చూడు. ఆ 5 లక్షలు "బయానా" అనీ, కొనేవాళ్లు తప్పితే తిరిగి ఇవ్వబడదనీ రాసి ఉంటే నీ చెయ్యి పైన ఉన్నట్టే. 2012లో సుప్రీంకోర్టు 70 లక్షల ఇంటికి కట్టిన 7 లక్షల బయానాని అమ్మినాయన ఆపుకోవచ్చు అంది, అగ్రిమెంటులో ఆ షరతు స్పష్టంగా ఉంది కాబట్టి. ఊరికే ధరలో భాగంగా ఇచ్చిన అడ్వాన్సు అని ఉంటే అంత తేలిక కాదు. ఇంకో సంగతి, 2015లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో అదే కోర్టు, నష్టమే రానప్పుడు బయానా ఎలా మింగుతారు అని తిరిగి ఇప్పించింది. ఒక పార్టీ దగ్గర 3 కోట్ల 12 లక్షలకి పోవాల్సిన ప్లాటును ఆ సంస్థ తర్వాత 11 కోట్ల 78 లక్షలకి వేలంలో అమ్ముకుంది మరి! కాబట్టి రేపు నువ్వు ఇదే ఫ్లాటు 76కి అమ్మి ఈ 5 లక్షలూ ఉంచుకుంటానంటే జడ్జిగారి ముందు చెప్పుకోవడం కష్టం.

నా సలహా అడిగితే, అసలు లెక్క వేసుకో. ఏజెంటుకి ఇచ్చింది, అగ్రిమెంటు ఖర్చులు, ఈ రెండు నెలలు మీ లోను మీద పడ్డ వడ్డీ, ఖాళీగా ఉన్నందుకు పోయిన అద్దె, మీరు కొనే ఇల్లు ఆలస్యమైతే అక్కడ పడే దండుగ. ఒకటిన్నర లక్ష తేలిందనుకో, అది ఉంచుకుని మూడున్నర తిరిగి ఇస్తాను, ఇదుగో రద్దు కాగితం, సంతకాలు పెట్టండి అను. ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. అయిదూ ఉంచుకుంటే వాళ్లకి సంతకం పెట్టాల్సిన అవసరమే లేదు కదా.

రద్దు కాగితంలో ఏం ఉండాలో చెప్తాను, ఇది నా పని కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను. పాత అగ్రిమెంటు తేదీ, ఫ్లాటు నంబరు, హద్దులతో సహా షెడ్యూలు (ఆస్తి వివరం), ముట్టిన సొమ్ము, తిరిగి ఇస్తున్న సొమ్ము, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్లిందో ఆ బ్యాంకు లావాదేవీ నంబరు (యూటీఆర్), ఆపుకున్న సొమ్ము ఎందుకు ఆపుకున్నారో ఒక వాక్యం, ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి క్లెయిమూ లేదన్న మాట, ఇద్దరు సాక్షులు. పాత అగ్రిమెంటు ఒరిజినల్ వెనక్కి తీసుకుని ప్రతి పేజీ మీదా "రద్దయినది" అని రాయించి సంతకం చేయించు. డబ్బు పంపడం, సంతకం పెట్టడం ఒకే టేబుల్ మీద జరగాలి, వెనకా ముందూ వద్దు. మీది నోటరీ అగ్రిమెంటే కాబట్టి ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపించే సర్టిఫికెట్‌లో, ఎక్కలేదు. రిజిస్టర్ చేయించి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి, లేకపోతే ఈసీ తీసిన ప్రతివాడికీ ఆ ఎంట్రీ కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడే అసలు మెలిక. కొనేది డాలస్ అబ్బాయి, పెద్దాయన జీపీఏ (తన తరఫున సంతకం పెట్టమని అబ్బాయి రాసిచ్చిన అధికార పత్రం) మీద సంతకం పెట్టాడు. ఆ జీపీఏలో కొనడానికి మాత్రమే అధికారం ఇచ్చి, రద్దు చేసుకోవడానికీ డబ్బు వెనక్కి తీసుకోవడానికీ అధికారం రాయకపోతే ఆయన సంతకం చాలదు. కాపీ తీసుకుని నాకు పంపు, చూస్తాను. అధికారం లేకపోతే అబ్బాయి అక్కడ మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి కొత్తది పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు చెల్లించాలి. వాళ్ల కోడలి పేరు కూడా అగ్రిమెంటులో ఉందేమో చూడు, ఉంటే ఆమె సంతకం కూడా కావాలి.

డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు క్యాష్ మాటే ఎత్తకు. ఆస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకున్నా, తిరిగి ఇచ్చినా తప్పే, ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఆ సొమ్ము ఎంతో అంతే పెనాల్టీ వేయగలరు. ఆపుకున్న ఒకటిన్నర లక్ష నీ ఆదాయం కింద లెక్క, 2014 నుంచి రూలు మారింది, రిటర్నులో చూపించాలి. ఫ్లాటు 50 లక్షలు దాటింది కాబట్టి వాళ్లు అడ్వాన్సులో ఒక శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే టాక్సు) కట్టి ఉంటే నీ పాన్ మీద జమైన టాక్సు చూపించే 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఉంటే ఆడిటరుకి చెప్పు.

సంతకానికి ససేమిరా అన్నారనుకో. లాయరు చేత నోటీసు ఇప్పించు, "మా కాగితాలన్నీ సిద్ధం, 15 రోజుల్లో బ్యాలెన్సు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోండి, లేకపోతే అగ్రిమెంటు రద్దు" అని, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో. ఆ 15 రోజులు నిజంగానే మీరు సిద్ధంగా ఉండాలి సుమా. దాంతో పాటు కోర్టులో కేవియట్ (నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న అర్జీ) వేయించు, 90 రోజులు పనిచేస్తుంది, నీకు తెలియకుండా వాళ్లు స్టే తెచ్చుకోకుండా కాపాడుతుంది. వాళ్లే కొని తీరాలని దావా వేసే హక్కు నీకూ ఉంది కానీ కోర్టు ఫీజు మొత్తం ధర మీద లెక్కేస్తారు, ఏళ్లు పడుతుంది, ఆ పని పెట్టుకోకు. రెరాకి (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకి) వెళ్దామా అన్నావు, అది బిల్డర్ల కోసం, మనలాంటి పాత ఫ్లాట్లకి కాదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే సివిల్ మ్యాటర్ అని పంపేస్తారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో వాళ్ల గురించి రాయడం అసలే వద్దు, ఆ గ్రూపులోనే నీ తర్వాతి పార్టీకి తెలిసినవాళ్లుంటారు.

మీరు కొంటున్న ఇంటి ఓనరుకి ఈ రోజే ఫోన్ చేసి నెల గడువు అడుగు. గడువు దాటాక అడిగితే వాళ్ల చేతిలో మీరుంటారు.

ఈలోపు ఫ్లాటు చూపించడం ఆపొద్దు, అడ్వాన్సు మాత్రం రద్దు కాగితం చేతికొచ్చే దాకా ఎవరి దగ్గరా తీసుకోకు. కొత్త అగ్రిమెంటులో బయానా ధరలో పదో వంతు పెట్టించు, గడువు కచ్చితమైన షరతు అని రాయించు, లోను రాకపోతే ఎంత తిరిగి ఇవ్వాలో ముందే తేల్చుకో. గడువు తేదీ వేసే ముందు పంచాంగం కూడా చూడు, మూఢంలో పడితే ఎంత మంచి పార్టీ అయినా రిజిస్ట్రేషన్‌కి రాదు.

మీ
పెదనాన్న