పొద్దుటి లెక్క

ప్రశ్న: మా అమ్మాయి అధిక ఉష్ణోగ్రతల్లో లోహాలకు పట్టే తుప్పు మీద పీహెచ్‌డీ చేస్తోంది. అమెరికాలో జరిగే గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్స్‌కి వెళ్తానంటోంది. అక్కడ ఫొటోలు తీయకూడదట, రికార్డు చేయకూడదట, ప్రసంగాలు అచ్చు వేయరట. వెళ్ళొచ్చిన ఆనవాలే మిగలని సభకి ఇంత ఖర్చు దండగ కాదా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఆనవాలు మిగలకపోవడమేనండీ అక్కడి సుఖం. అచ్చులోకి ఎక్కదని తెలిస్తే చెడిపోయిన ప్రయోగం గురించి కూడా మనిషి నోరు విప్పుతాడు. నీల్ గోర్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1931లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన గోష్ఠులివి. 1947లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి మారాయి.

నేను వెళ్ళింది అక్కడి న్యూ లండన్‌కి. పేరుకే లండన్, చిన్న ఊరు. కాల్బీ-సాయర్ కాలేజీ హాస్టల్లో బస. పొద్దున ప్రసంగాలు, రాత్రి మళ్ళీ ప్రసంగాలు, మధ్యాహ్నమంతా ఖాళీ. మొదటి రోజు ఆ ఖాళీ చూసి నేనూ మీలాగే డబ్బులు లెక్కేసుకున్నాను.

మా ల్యాబ్‌లో అప్పట్లో ఒక తలనొప్పి ఉండేది. నికెల్ మిశ్రమలోహం బిళ్ళల్ని 1100 డిగ్రీల కొలిమిలో ఉంచి తీస్తే అందులోని అల్యూమినియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన అల్యూమినా పొర చక్కగా పట్టేది. లోహానికి ఆ పొరే కవచం. సాయంత్రం తూచి బల్ల మీద వదిలేస్తే, తెల్లారేసరికి పాత గోడ సున్నంలా పెచ్చులు! అదీ వానాకాలంలోనే ఎక్కువ. ఆ సభలో గోడకి అంటించి చూపే నా పరిశోధన పోస్టర్లో సాయంత్రం తూకాలే పెట్టాను. పొద్దుటివి పెట్టడానికి మొహం చెల్లలేదు.

పోస్టర్ల దగ్గర ఒక పెద్దాయన, చేతిలో బీరుగ్లాసుతో, నా గ్రాఫు చూసి ఒక్కటే అడిగారు: "మర్నాడు తూచావా అమ్మా?" దొరికిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నవ్వి, గాలిలో తేమ పొర కింది అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తుందని, అది లోహం మీద పొర పట్టు వదిలిస్తుందని చెప్పారు. లోహంలో పది లక్షల్లో నాలుగైదు పాళ్ళు గంధకం ఉన్నా చాలట, అది పొర కిందికి చేరి పట్టును ముందే బలహీనపరుస్తుంది. మిశ్రమంలో చిటికెడు యిట్రియం అనే లోహం వేస్తే ఆ గంధకాన్ని కట్టేస్తుంది. "ఒక చుక్క నీళ్ళు వేసి చూడు" అన్నారు. ఇదంతా ఇప్పుడు పత్రికల్లో ఉన్నదే, కాబట్టి నియమం తప్పినట్టు కాదు. ఆయన పేరు మాత్రం చెప్పను.

ఖర్చంటారా, ఫీజులోనే బసా భోజనమూ కలిసి ఉంటాయి. ముందు దరఖాస్తు పెట్టాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. భోజనం చప్పగా ఉంటుంది, కందిపొడి కట్టివ్వండి. మీ అమ్మాయిని పొద్దుటి లెక్కలు కూడా తీసుకెళ్ళమనండి.

హైదరాబాద్ చేరిన మర్నాడే నేను డ్రాపర్‌తో బిళ్ళ మీద ఒక చుక్క వేశాను. చుక్క పడినంత మేరా పొర చూస్తుండగానే లేచిపోయింది.